పాడవుతున్న హార్డ్ డిస్క్: ముందు నకలు తీయండి, ఫైళ్ల వెతుకులాట ఆ తరువాత

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది: ల్యాప్‌టాప్ కొన్ని వారాలుగా నెమ్మదించింది, కొన్ని ఫోల్డర్లు తెరవగానే కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోతోంది, నిన్నటి నుంచి డేటా ఉన్న డ్రైవ్ మీద నొక్కితే ‘ముందు ఫార్మాట్ చేయాలి’ అనే పెట్టె కనిపిస్తోంది. 1 టీబీ హార్డ్ డిస్క్. అందులో పదేళ్ల కుటుంబ ఫొటోలు, ఉద్యోగానికి సంబంధించిన ఫైళ్లు ఉన్నాయి, వేరే నకలు లేదు. చెక్‌డిస్క్ (విండోస్‌తో వచ్చే డిస్క్ తనిఖీ ప్రోగ్రామ్) నడపాలా, ఏదైనా రికవరీ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలా అని అడిగారు. ఇప్పుడైతే రెండూ వద్దు. ఆ ల్యాప్‌టాప్ ఇంకా నడుస్తూ ఉంటే ముందు ఆపేయండి. మిగిలిన సమాధానం ఫోనులోనో మరో కంప్యూటర్‌లోనో చదవండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను చూసినంతవరకు, ఇలాంటి డిస్కుల్లో తిరిగి రాకుండా పోయిన డేటాలో చాలా భాగం బాగుచేయాలన్న తొందరలోనే పోయింది. పాడవుతున్న డిస్క్ ఇంకా ఎన్ని గంటలు చదవనిస్తుందో ఎవరూ చెప్పలేరు. కొన్ని నెలలు లాగవచ్చు, ఈ సాయంత్రమే ఆగిపోవచ్చు. అందుకని మిగిలి ఉన్న ఆ కాస్త ఆయుష్షును ఒకే ఒక్క పనికి వాడాలి: డిస్క్ మీద ఉన్నదంతా మొదటి సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) నుంచి చివరి సెక్టార్ దాకా ఉన్నదున్నట్టు మరో మంచి డిస్క్ మీదికి దించుకోవడం. వెతకడం, బాగుచేయడం, తెరిచి చూడడం అన్నీ ఆ నకలు మీదే.

హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. చదివే హెడ్ వాటిని తాకదు. కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. తల వెంట్రుక మందం ఆ ఎడానికి వేల రెట్లు ఉంటుంది. అంత సన్నని ఎడంలో హెడ్ దెబ్బతిన్నా, పళ్లెం మీద గీత పడినా, అక్కడ రేగిన పొడి మరికొన్ని చోట్ల గీతలు పెడుతుంది. అలాంటి స్థితిలో డిస్క్ తిరిగే ప్రతి నిమిషమూ నష్టాన్ని పెంచవచ్చు. పైగా చదవలేని సెక్టార్ ఎదురైతే డిస్క్ దానంతట అదే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక్కో చోట ఎన్నో సెకన్లు గడిచిపోతాయి. అది ఓడిపోతే విండోస్ మళ్లీ అడుగుతుంది. మీ కంప్యూటర్ బిగుసుకుపోవడం ఇందువల్లే. విండోస్ కూడా అదే డిస్క్ మీద ఉంటే, మీరు చేతులు కట్టుకుని కూర్చున్నా లాగ్ ఫైళ్లు (సిస్టమ్ చేసిన పనుల చిట్టా), పేజ్ ఫైలు (మెమరీకి తోడుగా డిస్క్ మీద వాడుకునే చోటు), ఇండెక్సింగ్, ఫొటోల థంబ్‌నెయిళ్ల పేరుతో చదవడం, రాయడం సాగుతూనే ఉంటాయి.

చెక్‌డిస్క్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలిసినవారందరూ ముందుగా సలహా ఇచ్చేది దాన్నే. ఏ ఫైలు డిస్క్ మీద ఎక్కడుందో రాసి ఉంచే ఫైల్ సిస్టమ్‌లోని లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోయేలా చూడడం దాని పని. మీ ఫొటోలు దక్కాయా లేదా అన్నది దాని బాధ్యత కాదు. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద కరెంటు పోయినప్పుడు వచ్చే చిన్న చిక్కులకు అది మంచి సాధనమే. చదవలేని చోట్లు ఉన్న డిస్క్ మీద మాత్రం, చదవలేకపోయిన రికార్డులను చెడిపోయినవిగా లెక్కగట్టి తీసేస్తుంది, తెగిపోయిన ముక్కలను ‘ఫౌండ్’ అనే ఫోల్డర్లో పేర్లు లేని ఫైళ్లుగా పడేస్తుంది. ఈ మార్పులన్నీ అదే డిస్క్ మీద రాస్తుంది. ‘ఆర్’ ఆప్షన్‌తో నడిపితే డిస్క్ మొత్తాన్ని చదువుతుంది కూడా. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు విండోస్ దానంతట అదే ఈ తనిఖీ ప్రారంభించబోతే, లెక్కపెట్టే ఆ కొద్ది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కి ఆపండి.

‘ఫార్మాట్ చేయాలి’ అన్న పెట్టెను రద్దు చేసి మూసేయండి. ఇప్పటికే పొరపాటున క్విక్ ఫార్మాట్ జరిగి ఉన్నా నిరాశపడనక్కర్లేదు; అది కొత్త పట్టికలు రాస్తుందే గానీ పాత ఫైళ్ల లోపలి డేటాను చాలావరకు తాకదు. పూర్తి ఫార్మాట్ సంగతి వేరు. విండోస్ విస్టా నుంచి అది డిస్క్ అంతా సున్నాలు రాసుకుంటూ పోతుంది. ఆ సున్నాల కింద ఉన్నది ఇక రాదు.

డిస్క్‌ను ముట్టుకునే ముందు ఒక కాగితం మీద, మీకు నిజంగా మళ్లీ దొరకనివి ఏమిటో రాసుకోండి. తరువాత మిగతా చోట్ల చూడండి: పాత ఫోనులు, మెమరీ కార్డులు, పంపిన ఈమెయిళ్లలోని అటాచ్‌మెంట్లు, బంధువులకు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, గూగుల్ ఫొటోస్, వన్‌డ్రైవ్. గూగుల్ డ్రైవ్‌లో తొలగించినవి 30 రోజుల పాటు బుట్టలో ఉంటాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌కు కలిపి ఉన్న సంగతి గమనించనివారు చాలామంది ఉంటారు. సగం జాబితా ఇక్కడే తీరిపోతే మిగతా పని ఎంతో ప్రశాంతంగా చేయగలుగుతారు.

ఇప్పుడు శబ్దం. మీ డిస్క్ నుంచి ఎలాంటి శబ్దం వస్తోందో మీరు రాయలేదు, నిర్ణయం అంతా దాని మీదే ఆధారపడి ఉంది. మామూలుగా తిరుగుతూ, కేవలం నెమ్మదిగా చదువుతుంటే ఇంట్లో నకలు తీయవచ్చు. ఒకే లయలో టిక్ టిక్ అని కొట్టుకుంటుంటే, హెడ్ పళ్లెం మీద తన స్థానాన్ని గుర్తించలేక, దాన్ని మోసే చేయి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడుతోందని అర్థం; ఆపేయండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే ఒక మినహాయింపు ఉంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 ఇచ్చేది 900. కేబుల్ అరిగిపోయినా, పోర్టు బలహీనంగా ఉన్నా చాలినంత కరెంటు అందక మంచి డిస్క్ కూడా టిక్కుమంటుంది. వేరే కేబుల్, కంప్యూటర్ వెనుక ఉన్న పోర్టు పెట్టి ఒక్కసారి చూడండి, మారకపోతే ఇక ఆపండి. తిరగకుండా సన్నగా బీప్ లాంటి మూలుగు వస్తుంటే హెడ్లు పళ్లేనికి అతుక్కుని ఉండవచ్చు, లేదా మోటారు పట్టేసి ఉండవచ్చు. గీకుతున్న శబ్దం వస్తే క్షణం కూడా ఆలస్యం చేయకుండా కరెంటు తీసేయండి. ఈ చివరి రెంటికీ ఇంట్లో చేయగలిగిన వైద్యం లేదు.

డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టమని, మెల్లగా తట్టమని చెప్పే సలహాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. దయచేసి చేయవద్దు. చల్లబడిన లోహం మీద తేమ చేరుతుంది, ఆ నీటి పొర మీద హెడ్ ఎగరలేదు. మూత విప్పడం అంతకన్నా ప్రమాదం. గదిలో మామూలుగా ఎగిరే దుమ్ము రేణువు హెడ్‌కూ పళ్లేనికీ మధ్య ఉన్న ఎడం కన్నా ఎన్నో రెట్లు పెద్దది. పెద్ద సామర్థ్యం ఉన్న కొన్ని డిస్కుల్లో గాలికి బదులు హీలియం నింపి సీలు వేస్తారు, అవి తెరుచుకున్నాయంటే ఇక మామూలుగా పనిచేయవు. కింద ఉన్న పచ్చని సర్క్యూట్ బోర్డును అదే మోడల్ డిస్క్ నుంచి తెచ్చి మార్చడం కూడా పాత కాలపు చిట్కా. నేటి డిస్కుల్లో ఆ బోర్డు మీది చిన్న చిప్పులో ఆ ఒక్క డిస్క్‌కే వర్తించే కొలతలు ఉంటాయి. ఆ సమాచారాన్ని కొత్త బోర్డుకు మార్చకుండా పెడితే చాలావరకు డిస్క్ పనిచేయదు.

శబ్దం మామూలుగానే ఉంటే స్మార్ట్ పట్టిక (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూడండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాములు దాన్ని కొన్ని క్షణాల్లో చూపిస్తాయి, డిస్క్ ఉపరితలాన్ని వెతకవు కాబట్టి భయం లేదు. పెద్ద సెల్ఫ్ టెస్ట్ మాత్రం నడపవద్దు, అది డిస్క్ మొత్తాన్ని చదువుతుంది. అదే శ్రమతో నకలు వచ్చి ఉండేది. పట్టికలో నాలుగు వరుసలు చాలు. 5వ నంబరు, ఇప్పటికే పాడై విడి సెక్టార్లతో మార్చినవి ఎన్నో చెబుతుంది. 197, ప్రస్తుతం చదవలేక అనుమానంలో ఉంచినవి. 198, స్వయంగా తనిఖీ చేసుకున్నప్పుడు చదవలేకపోయినవి. 199, డిస్క్‌కూ కంప్యూటర్‌కూ మధ్య దారిలో చెడిన డేటా. ఈ చివరిది పెరుగుతూ మిగతావి సున్నాగా ఉంటే అదృష్టమే, తప్పు చాలావరకు కేబుల్‌ది. రా విలువలను (ఒక్కో వరుసలోని అసలు లెక్కలను) క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. సెట్టింగుల్లో దశాంశానికి మార్చుకోండి. కొన్ని కంపెనీల డిస్కుల్లో 1, 7 నంబర్ల దగ్గర కోట్లలో అంకెలు కనిపిస్తాయి, వాటిని చూసి కంగారుపడవద్దు.

పట్టిక పైన ‘గుడ్’ అని ఉంటే డిస్క్ బాగున్నట్టే అనుకోవద్దు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో, విఫలమైన డిస్కుల్లో 56 శాతానికి పైగా, బలమైన హెచ్చరికలుగా వారు గుర్తించిన నాలుగు స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటి కూడా చూపలేదు. అదే అధ్యయనంలో మరో సంగతి ఉంది: ఉపరితల తనిఖీలో మొదటి లోపం బయటపడిన డిస్క్ ఆ తరువాతి 60 రోజుల్లో విఫలమయ్యే అవకాశం, లోపం లేని డిస్కులతో పోలిస్తే 39 రెట్లు. అంటే 197లో సున్నా కాకుండా ఏ అంకె కనిపించినా ఆలోచనలు ఆపి నకలు మొదలుపెట్టాలి. అన్నీ సున్నాలే ఉన్నా, డిస్క్ ప్రవర్తన మీరు చెప్పినట్టు ఉంటే కూడా అంతే.

నకలుకు కావలసినవి: పాత డిస్క్ కన్నా పెద్దదైన ఒక మంచి డిస్క్ (మీకు 2 టీబీ సరిపోతుంది), లైనక్స్ ఎక్కించిన ఒక పెన్‌డ్రైవ్, ఇంకో కంప్యూటర్. కొత్త డిస్క్ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు, కాబట్టి ముందే ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసుకోండి. లైనక్స్‌లో సిస్టమ్‌రెస్క్యూ అనే పంపిణీ అనుకూలంగా ఉంటుంది, ఈ పనికి కావలసిన సాధనాలు అందులో ముందే ఉంటాయి. విండోస్‌లో ఈ పని వద్దనడానికి కారణం ఒకటే: డిస్క్ తగిలించగానే విండోస్ దాన్ని తెరవాలని, సరిచేయాలని చూస్తుంది. లైనక్స్‌లోనూ డిస్కులు తమంతట తాము మౌంట్ అయ్యే (తెరుచుకుని వాడకానికి సిద్ధమయ్యే) సదుపాయం ఉంటే ముందే ఆపేయండి.

పాత డిస్క్‌ను ల్యాప్‌టాప్ నుంచి విప్పి, వీలైతే డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని సాటా పోర్టుకు (లోపలి డిస్కులు తగిలించే చోటుకు) నేరుగా తగిలించండి. యూఎస్‌బీ అడాప్టర్లలోని చిప్పులు చెడ్డ సెక్టార్లు ఎదురైనప్పుడు తరచూ మొరాయిస్తాయి. కొన్ని అడాప్టర్లు సెక్టార్ పరిమాణాన్ని 512 బైట్లకు బదులు 4096గా చూపి పార్టిషన్ల (డిస్క్‌ను విభజించిన భాగాల) లెక్కను తారుమారు చేస్తాయి. ఇది చదువుతున్న మరెవరికైనా ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంటే ఒక మాట: కొన్ని డబ్బాల్లోని యూఎస్‌బీ బోర్డు డేటాను తానే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య రూపంలోకి మార్చి రాస్తుంది. అలాంటి డిస్క్‌ను డబ్బా నుంచి విడదీస్తే అర్థంకాని బైట్లే కనిపిస్తాయి, కనుక ఆ బోర్డును పారేయకండి. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం) ఉంటే నకలు తీయడానికి అడ్డు లేదు, కానీ ఆ నకలు తెరవడానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. అది తరచుగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది, ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

నకలు తీసే సాధనం జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఉచితం. దాదాపు ఇలాంటి పేరుతోనే వేరే ప్రోగ్రామ్ కూడా ఉంది, అందుకని జీఎన్‌యూ అన్న మాట చూసుకోండి; ఉబుంటు అనే లైనక్స్ పంపిణీలో ప్యాకేజీ పేరు ముందు ఒక ‘జీ’ అదనంగా ఉంటుంది. దీని పద్ధతే వేరు. మామూలు కాపీ ఎక్కడ చెడ్డ సెక్టార్ తగిలితే అక్కడే కూర్చుండిపోతుంది. డీడీరెస్క్యూ అక్కడినుంచి ఒక గెంతు వేసి ముందుకు పోతుంది, కష్టం కొనసాగుతుంటే గెంతును పెంచుతుంది. తేలికగా వచ్చేదంతా ముందు వచ్చేస్తుంది. ఆ తరువాతే వెనక్కి తిరిగి, వదిలేసిన ముక్కల అంచులు సరిచేసి, లోపల ఒక్కొక్క సెక్టార్‌ను గీకి తెస్తుంది. ఏది వచ్చిందో, ఏది రాలేదో మొత్తం ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. దానివల్ల కంట్రోల్, సీ నొక్కి ఎప్పుడైనా ఆపవచ్చు, మర్నాడు అక్కడినుంచే కొనసాగించవచ్చు. ఈ మ్యాప్ ఫైలు కొత్త డిస్క్ మీదే ఉండాలి. పెన్‌డ్రైవ్ లైనక్స్‌లోని హోమ్ ఫోల్డర్ సాధారణంగా మెమరీలో ఉంటుంది, కంప్యూటర్ ఆపగానే అది మాయమవుతుంది. రాత్రంతా చేసిన పనికి లెక్క లేకుండా పోతుంది.

ఆదేశంలో మూడు పేర్లు వరుసగా వస్తాయి: చదవాల్సిన డిస్క్, రాయాల్సిన ఇమేజ్ ఫైలు (డిస్క్ మొత్తం నకలు ఉండే ఒకే పెద్ద ఫైలు), మ్యాప్ ఫైలు. మొదటి రెండూ తారుమారైతే పోయేది మీ పదేళ్ల ఫొటోలు. ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ ఆదేశంతో డిస్కుల పరిమాణం, మోడల్, సీరియల్ నంబరు చూసి, డిస్క్ మీది లేబుల్‌తో పోల్చుకున్న తరువాతే ఎంటర్ నొక్కండి. మొదటి విడత ‘ఎన్’ ఆప్షన్‌తో నడపండి. అప్పుడు గీకే దశ జోలికి పోదు. అది ముగిశాక ‘ఎన్’ తీసేసి, ‘డి’ చేర్చి అదే ఆదేశం మళ్లీ ఇవ్వండి. ఇంకా మిగిలిన చోట్లకు ‘ఆర్’ పక్కన 3 రాస్తే మూడుసార్లు తిరిగి ప్రయత్నిస్తుంది. పెద్ద అక్షరం ‘ఆర్’ ఇస్తే వెనుక నుంచి ముందుకు చదువుతుంది, ముందు నుంచి రాని ముక్కలు కొన్నిసార్లు అలా వస్తాయి. ఇమేజ్, మ్యాప్ ఫైళ్ల పేర్లు మాత్రం అన్ని విడతల్లోనూ అవే ఉండాలి.

ఎంతసేపు పడుతుంది? సెకనుకు 100 ఎంబీ వేగం ఉంటే 1 టీబీకి మూడు గంటల లోపే. 2 ఎంబీకి పడిపోతే దాదాపు ఆరు రోజులు. నెమ్మదిగా ఉన్నా వేగం నిలకడగా ఉంటే ఓపిక పట్టండి, అది పనిచేస్తున్నట్టే. డిస్క్ మీదికి గాలి తగిలేలా ఫ్యాను పెట్టండి. చాలా డిస్కులకు తయారీదారులు చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్. 50 దాటుతుంటే ఆపి చల్లబడనివ్వండి. ఉన్నట్టుండి లోపాల లెక్క పరుగులు తీస్తుంటే ఉపరితలం అంతా ఒక్కసారిగా పాడైందని కాదు, డిస్క్ కంప్యూటర్‌కు కనిపించడం మానేసిందని అర్థం. వెంటనే ఆపి, కరెంటు తీసి పెట్టి, డిస్క్ పేరు మారిందేమో చూసుకుని కొనసాగించండి. మరో గుర్తు ఇంకా ముఖ్యమైనది. కొంత దూరం బాగా రావడం, కొంత దూరం అసలు రాకపోవడం, మళ్లీ బాగా రావడం క్రమం తప్పకుండా జరుగుతుంటే ఉన్న హెడ్లలో ఒకటి పోయింది. అప్పుడు వచ్చినంత తీసుకుని అక్కడితో ఆపండి. ల్యాబ్‌లో ఆ హెడ్ మార్చి మిగతాది తేగలరు. మీరు గీకుతూ పోతే పళ్లెం పాడై ఆ దారీ మూసుకుపోతుంది.

మొత్తం నకలు ముందు అన్న నియమానికి నేను ఒప్పుకునే మినహాయింపు ఒకటే. ప్రాణంతో సమానమైనది ఒక చిన్న ఫోల్డర్ మాత్రమే అయి, డిస్క్ ఇంకా రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే) మౌంట్ అవుతుంటే, ముందు ఆ ఒక్కటి తీసుకోండి. వందల ఫోల్డర్లను ఒక్కొక్కటిగా కాపీ చేయడం మాత్రం వద్దు. హెడ్ డిస్క్ అంతా అటూ ఇటూ పరిగెత్తాల్సి వస్తుంది, వరుసగా చదవడం కన్నా అది చాలా శ్రమ. మీ డిస్క్ ఫార్మాట్ అడుగుతోంది కాబట్టి మీకు ఈ మినహాయింపు వర్తించకపోవచ్చు.

నకలు పూర్తయ్యాక పాత డిస్క్‌ను విప్పి, పేరు రాసి, సొరుగులో పెట్టేయండి. ఫైళ్లు తీసి సరిచూసుకునేదాకా దాన్ని పారేయవద్దు. చోటు ఉంటే ఇమేజ్‌కు ఇంకో కాపీ చేసుకోండి. ఇక్కడినుంచి తప్పు జరిగినా దిద్దుకోవచ్చు, ఏ సాధనమైనా ఎన్నిసార్లైనా వాడవచ్చు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చేది అదే.

ముందు ఇమేజ్‌ను రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి చూడండి. చెడ్డ సెక్టార్లు కొద్దిగానే ఉంటే చాలాసార్లు ఫోల్డర్లన్నీ మామూలుగానే తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ పార్టిషన్ పట్టికను తిరిగి కడుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ తన బూట్ సెక్టార్ (పార్టిషన్ వివరాలుండే మొదటి సెక్టార్) నకలును పార్టిషన్ చివర దాచుకుంటుంది, దాన్నుంచి కూడా సరిచేయగలదు. ఇది రాసే సాధనం, ఇమేజ్ మీద తప్ప వాడకండి. అదీ సరిపోకపోతే డీఎండీఈ, ఆర్‌స్టూడియో లాంటివి ఇమేజ్ అంతా గాలించి ఫైళ్ల రికార్డులను ఏరుతాయి. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఒక్కో ఫైలుకు సాధారణంగా 1024 బైట్ల రికార్డు ఉంటుంది. పేరు, తేదీ, ఏ ఫోల్డర్‌లో ఉంది, డేటా డిస్క్ మీద ఎక్కడ ఉంది అన్నీ అందులోనే. ఆ రికార్డులు దక్కితే మీ ఫోల్డర్ల అమరిక అంతా పేర్లతో సహా తిరిగి వస్తుంది.

ఫైళ్లు వెలికితీసే ప్రోగ్రాముల్లో ఫొటోరెక్ అందరికీ తెలిసిన పేరు, నిజంగా గొప్ప సాధనం. కానీ దాన్ని ఆఖరున వాడాలి. అది ఫైల్ సిస్టమ్‌ను పట్టించుకోకుండా, ఏ రకం ఫైలు ఏ బైట్లతో మొదలవుతుందో చూసి డేటాను చెక్కుకుంటూ పోతుంది. పేర్లు రావు, ఫోల్డర్లు రావు, ముక్కలుగా చెదిరి ఉన్న పెద్ద ఫైళ్లు విరిగి వస్తాయి. మొదటే దాన్ని నడిపినవారు వేలకొద్దీ అనామక ఫైళ్ల ముందు కూర్చుని దిగులుపడడం ఎన్నోసార్లు చూశాను. ఫొటోలకు మాత్రం ఒక ఊరట ఉంది: తీసిన తేదీ ఫొటో లోపలే రాసి ఉంటుంది, ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో సంవత్సరాల వారీగా సర్దుకోవచ్చు.

తిరిగి వచ్చిన వేల ఫైళ్లలో ఏవి దెబ్బతిన్నాయో ఎలా తెలుస్తుంది? పేరు, పరిమాణం సరిగ్గానే కనిపిస్తాయి, రాని సెక్టార్ల చోట లోపల ఖాళీలు ఉంటాయి. దీనికి డీడీరెస్క్యూలోనే ఫిల్ మోడ్ అనే ఉపాయం ఉంది. మరెక్కడా ఉండే అవకాశం లేని ఒక వింత పదాన్ని చిన్న ఫైలులో రాసి, ఇమేజ్ రెండో కాపీలోని చెడ్డ చోట్లన్నీ దానితో నింపమంటారు. మ్యాప్ ఫైలును కూడా ముందే నకలు తీసి పెట్టుకోండి. ఆ తరువాత ఆ పదం ఏయే ఫైళ్లలో ఉందో వెతికితే దెబ్బతిన్న ఫైళ్ల జాబితా చేతికి వస్తుంది. మిగతావాటి గురించి నిశ్చింతగా ఉండవచ్చు.

ఆ జాబితాలో ఉన్నవన్నీ పోయినట్టు కాదు. జేపెగ్ ఫొటోలో ఒక సెక్టార్ పోతే అక్కడినుంచి కింది భాగం బూడిద రంగుగానో, రంగులు తారుమారై గానో వస్తుంది, పైభాగం నిలుస్తుంది. కెమెరా రా ఫైళ్లలో (జేపెగ్‌గా మార్చకుండా దాచే ఫొటోల్లో) పెద్ద జేపెగ్ ప్రివ్యూ దాగి ఉంటుంది, అసలు డేటా చెడినా దాన్ని బయటికి తీయవచ్చు. వీడియో అసలు తెరుచుకోకపోతే పోయింది దాని సూచిక మాత్రమే కావచ్చు. అదే కెమెరాతో అవే సెట్టింగులతో తీసిన మంచి వీడియో ఒకటి ఆధారంగా ఇస్తే అన్‌ట్రంక్ అనే ప్రోగ్రామ్ కొత్త సూచిక కట్టే ప్రయత్నం చేస్తుంది. కొత్త తరహా వర్డ్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. జిప్ రిపేరు సాధనంతో విప్పి లోపలి ‘డాక్యుమెంట్’ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు తీసుకుంటే, బొమ్మలు పోయినా రాసిన మాటలు దక్కవచ్చు. ఔట్‌లుక్ మెయిల్ ఫైలుకు దానితోనే వచ్చే మరమ్మతు సాధనం ఉంది.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్) ఉన్నవారికి ఈ సమాధానంలో కొంతే వర్తిస్తుంది. పాడవుతున్న ఎస్‌ఎస్‌డీకీ నకలే మందు. కానీ అందులో తొలగించిన ఫైళ్ల సంగతి వేరు. ట్రిమ్ అనే ఆదేశం ద్వారా సిస్టమ్ ఆ చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెబుతుంది, అది తుడిచేసుకుంటుంది. విండోస్ 7 నుంచీ ఇది ఉంది. అక్కడ ఏ సాఫ్ట్‌వేర్ ఎన్ని వాగ్దానాలు చేసినా పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

టిక్కుమనే డిస్క్, తిరగని డిస్క్, నీళ్లలో పడినది, కింద పడినది, ఒక హెడ్ పోయినట్టు కనిపించేది, ఇవి ల్యాబ్‌కు వెళ్లాల్సినవి. అక్కడ దుమ్ము లేని గదిలో హెడ్లు మార్చి, పీసీ 3000 లాంటి ప్రత్యేక పరికరాలతో ఒక్కో హెడ్‌ను విడిగా నియంత్రిస్తూ చదువుతారు. ఇచ్చే ముందు అడగండి: డిస్క్ మీరే తెరుస్తారా, ఇంకెక్కడికైనా పంపుతారా? డేటా రాకపోతే రుసుము ఉంటుందా? డబ్బు కట్టేముందు వచ్చిన ఫైళ్ల జాబితా చూపిస్తారా? చూడకుండానే అంతా వస్తుందని హామీ ఇచ్చేవారిని నమ్మకండి. మీరు అప్పటికే చేసినవన్నీ దాచకుండా చెప్పండి, డీడీరెస్క్యూ మ్యాప్ ఫైలు ఉంటే అదీ ఇవ్వండి. ఎక్కడ మళ్లీ చదవనక్కర్లేదో వారికి తెలుస్తుంది.

మీ డిస్క్ విషయానికి వస్తే, నెమ్మదించడం, బిగుసుకుపోవడం, ఫార్మాట్ అడగడం చూస్తుంటే ఉపరితలం మీద చదవలేని చోట్లు ఉన్నాయని, హెడ్లు ఇంకా పనిచేస్తున్నాయని అనిపిస్తోంది. శబ్దం మామూలుగా ఉంటే ఇంట్లోనే ప్రయత్నించవచ్చు. కొత్త డిస్క్ చేతికి వచ్చేదాకా పాతదాన్ని తగిలించవద్దు. తగిలించిన రోజు స్మార్ట్ పట్టికలో 5, 197, 198, 199 రా విలువలు, డిస్క్ మోడల్, శబ్దం ఎలా ఉందో, బిట్‌లాకర్ ఉందో లేదో రాయండి. మొదటి విడత ముగిశాక డీడీరెస్క్యూ తెరను ఫొటో తీసి పెట్టండి. గీకే దశకు వెళ్లాలా, అక్కడే ఆపి ల్యాబ్‌కు ఇవ్వాలా అన్నది ఆ అంకెలు చూసి చెబుతాను.